వన్స్‌మోర్ అన్నదెవరు?

మన పద్యనాటకాల మీద ఒక పాత హాస్యం ఉంది. యుద్ధరంగంలో దెబ్బతిన్న వీరుడు ఆఖరి పద్యం అందుకుంటాడు. రాగం తీసి తీసి ప్రాణం విడుస్తాడు. జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని ఒక కేక. అంతే, చచ్చినవాడు లేచి, పంచె దులుపుకుని, హార్మోనియం ఆయన వైపు ఓ చూపు చూసి, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోతాడు. జనానికి అప్పటికీ తనివి తీరకపోతే మూడోసారి కూడా చస్తాడు.

చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుకున్నారు. రసభంగం అన్నారు, ఔచిత్యం లేదన్నారు. వాళ్ళన్నది అబద్ధమేమీ కాదు. చచ్చినవాడు లేచి రాగం తీయడం ఏ శాస్త్రం ప్రకారం చూసినా బాగుండదు. అయితే ఆ నవ్వుల్లో ఒక ప్రశ్న మరుగున పడిపోయింది. రెండోసారి పాడిన ఆ పద్యం ఎవరిది? కవిదా అంటే, ఆయన ఒక్కసారే రాశాడు. నటుడిదా అంటే, అతను ఒక్కసారే పాడదామని వచ్చాడు. ఆ రెండో పద్యాన్ని పుట్టించినవాడు చీకట్లో ఎక్కడో చాప మీద కూర్చున్న మనిషి. అతని పేరు కరపత్రంలో ఉండదు. దండలప్పుడు అతన్ని ఎవరూ పిలవరు. కానీ అతను నోరు మెదపకపోతే ఆ రెండో పద్యం లోకంలో లేదు.

సరే, నాటకం అయిపోయింది, జనం ఇళ్ళకు పోయారు, ఆ మనిషి కేకా గాలిలో కలిసిపోయింది. అక్కడితో పేచీ లేదు. పేచీ ఎప్పుడొస్తుందంటే, ఆ నాటకాన్ని ఎవరో రికార్డు చేసినప్పుడు. ఆ కేకను రికార్డులో ఉంచాలా, తీసెయ్యాలా? పైకి ఇది యంత్రాలు తెలిసినవాళ్ళు తేల్చుకోవలసిన సంగతిలా కనిపిస్తుంది. కాస్త తరిచి చూస్తే ఇందులో ధర్మసందేహం ఉంది.

గ్రామఫోను కాలంలో ఈ సందేహానికి తావే లేదు. పాటగాణ్ణి గదిలో పెట్టి తలుపు వేసేవారు. దగ్గు వస్తే దిగమింగుకోవలసిందే. ఒక వైపుకు మూడు నిమిషాలు, ఆ మూడు నిమిషాల్లోనే ఆలాపన, పల్లవి, చరణం అన్నీ సర్దుకోవాలి. మన నాటక పద్యాలు కూడా అలాగే తలుపులు వేసిన గదుల్లో రికార్డులకెక్కాయి. ఇంటింటా మోగాయి, తరాల వాళ్ళకు కంఠతా వచ్చాయి. మంచిదే. కానీ వాటిలో వన్స్‌మోర్ లేదు. భోజనం ఉంది, బంతి లేదు.

సముద్రాలకు అవతల ఒక పాటగాడికి ఈ లోటే తోచింది. అతని పేరు జేమ్స్ బ్రౌన్. 1933లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో కటిక పేదరికంలో పుట్టిన నల్లజాతివాడు. నల్లవారి చర్చి పాటల్లోంచి పుట్టి, ప్రేమా విరహమూ పాడుకునే సంగీతానికి అక్కడ ‘సోల్’ అని పేరు. అంటే ఆత్మ. దానికే తాళం బిగించి, మొదటి దెబ్బ మీద ఒళ్ళంతా కదిలేలా కొడితే ‘ఫంక్’ అన్నారు. ఈ రెండింటికీ మూలపురుషుల్లో బ్రౌన్ ఒకడు. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి పాడేవాడు. ఊరూరా జనం వెర్రెత్తినట్టు కేకలేసేవారు. ఇంటికి వచ్చి తన రికార్డు తానే వేసుకుంటే, పాట ఉంది గాని ఆ కేకలు లేవు.

జనం ముందు పాడుతుండగా రికార్డు చేద్దామని అతను కంపెనీ యజమాని సిడ్ నేథన్‌ను అడిగాడు. నేథన్ ఒప్పుకోలేదు. ఆ పాటలన్నీ ఇదివరకే అమ్మాం, కొన్నవాళ్ళు మళ్ళీ ఎందుకు కొంటారు? వ్యాపారి లెక్కలో తప్పేం లేదు. సరుకు పాట అనుకుంటే ఆ లెక్క సరైనదే. బ్రౌన్ మాత్రం తన చేతి డబ్బు 5,700 డాలర్లు పెట్టుకుని, 1962 అక్టోబరు 24 బుధవారం రాత్రి న్యూయార్కులోని హార్లెమ్ పేటలో, అపోలో థియేటర్లో ఆ పని చేయించుకున్నాడు.

ఆ తేదీ ఒకసారి గుర్తు చేసుకోండి. మన సరిహద్దులో చైనాతో యుద్ధం మొదలై నాలుగు రోజులు. అమెరికా నౌకలు క్యూబా చుట్టూ దిగ్బంధం అమలు మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజే. తెల్లారేసరికి అణుబాంబులు పడతాయేమోనని లోకం బిక్కుబిక్కుమంటున్న రాత్రి అది. అయినా హార్లెమ్ జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్నారు. ఎక్కువమంది కాయకష్టం చేసుకునే నల్లవాళ్ళు. ఆ రికార్డులో పోగొట్టుకున్న మనిషి గురించిన పాట ఒకటి పది నిమిషాల పైన సాగుతుంది. అతను ఒక మాట అని ఆగుతాడు. చీకట్లోంచి ఓ స్త్రీ కెవ్వుమంటుంది. అతను అదే మాట ఇంకాస్త తగ్గించి అంటాడు. ఈసారి పదిమంది. బావిలోకి చేద వదిలి, ఎంత లోతుందో చూసి, మరికాస్త తాడు వదులుతున్నట్టుగా ఉంటుంది ఆ వరస.

1963లో ఆ రికార్డు వచ్చింది. 66 వారాలపాటు అక్కడి అమ్మకాల పట్టికలో నిలిచి, రెండో స్థానం దాకా ఎక్కింది. 2004లో అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని దేశం దాచుకోవలసిన శబ్దాల జాబితాలో చేర్చింది. నేథన్ అన్నట్టు అవి పాత పాటలే. మరి జనం దేన్ని కొన్నారు? ఆ రాత్రి విన్నవాళ్ళ వినికిడిని కొన్నారు.

ఇది పరాయి సంగతి అనుకోకండి. మన హరికథలో ఏం జరుగుతుంది? దాసుగారు చిడతలు మోగిస్తూ కథ చెప్పుకుపోతారు. నడుమ గోవింద నామం అందుకుంటారు. పందిరంతా ‘గోవింద’ అనాలి. అనకపోతే ఆయన మళ్ళీ అడుగుతారు. నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి ‘గోవింద’ అన్నాక గాని కథ కదలదు. హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసుగారిది మన ఉత్తరాంధ్రే. ఆ కళ నిలబడ్డది ఒక్క దాసుగారి పాదం మీదే కాదు, పందిట్లోవాళ్ళ గొంతుల మీద కూడా. నల్లవారి చర్చిలో పాస్టరుగారు ఒక మాట అంటే భక్తులంతా జవాబు చెప్పేదీ ఈ పద్ధతే. బ్రౌన్ నేర్చింది అక్కడే.

జముకుల కథ సంగతీ అంతే. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకు చేతబట్టి కథలు కట్టాడు. 1969 డిసెంబరులో ఆయన చనిపోయాడు. ఆయన దారి మంచిదా చెడ్డదా అన్న వాదం ఇక్కడ వద్దు. ఆ కథలు ఆయన వెంట పోకపోవడానికి కారణం విన్నవాళ్ళు. చెవులతో పట్టి, నోళ్ళతో దాచారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు 2020 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన కట్టిన పాటల్లో చాలా వాటికి జనం అందుకోవడానికి ఖాళీ ఉంచినట్టే ఉంటుంది. ఒక్కరే కూర్చుని పాడుకుంటే ఆ ఖాళీ తెలుస్తుంది.

అన్నట్టు, ‘వంత పాడటం’ అనే మాట మనం ఎలా పాడుచేసుకున్నామో చూశారా? ఇప్పుడు ఆ మాటకు అర్థం పెద్దవాళ్ళ మాటకు తలూపడం. బుర్రకథ చూసినవాళ్ళను అడగండి. వంతలు లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ప్రశ్న అడిగేది వంత, హాస్యం ఆడేది వంత, కథకుడు ఆవేశంలో దారి తప్పితే లాక్కొచ్చేదీ వంతే. అంత పెద్ద ఉద్యోగాన్ని తిట్టు కింద మార్చేశాం.

ఇక ధర్మసందేహం దగ్గరికి వస్తాను. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రపు హోరు వినపడేంత దూరంలో, జీడితోటల నడుమ ఒక ఊరుంది. అక్కడ నాకు తెలిసిన ఒక ఇంట్లో ఓ పాత క్యాసెట్ ఉంది. 1980ల్లో అమ్మవారి సంబరాలకు రాయబారం నాటకం ఆడించారట. గల్ఫ్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన టేప్‌రికార్డరు తెచ్చి స్టేజీ ముందు పెట్టాడు. అందులో పద్యాలున్నాయి. పద్యాలతోపాటు జనరేటరు మోత ఉంది, ఓ పసిపిల్ల ఏడుపు ఉంది, పట్టువదలని ఒక కుక్క ఉంది, మధ్యమధ్య ఫలానావారు నూటపదహార్లు చదివించారన్న ప్రకటన ఉంది. ఒకచోట పద్యం ముగియగానే ‘వన్స్‌మోర్’ అని పెద్ద కేక. అది ఆ ఇంటి యజమానిది. ఆయన తరవాత మూత్రపిండాల జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఆ జబ్బు గడప తొక్కని ఊళ్ళు తక్కువ. గోడ మీద ఆయన ఫోటో ఉంది. గొంతు మాత్రం ఆ క్యాసెట్లోనే ఉంది, అదీ ఒక్క మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు ఇంటి పెంకులు లేచిపోతుంటే ఆ ఇల్లాలు క్యాసెట్‌ను బియ్యం డబ్బాలోకి తోసి కాపాడింది.

పెద్దకొడుకు ఊళ్ళోనే తోట చూసుకుంటాడు. రెండోవాడు హైదరాబాదులో ఉద్యోగం. క్యాసెట్ మీద నమ్మకం లేదు, కంప్యూటర్లోకి ఎక్కిద్దాం అన్నాడు రెండోవాడు. పనిలో పనిగా రొదంతా తీయించేస్తానన్నాడు.

“పద్యం ఎంత శుభ్రంగా వినపడతాదో చూద్దువు గాని అమ్మా” అన్నాడు.

“పద్యం కావాలంటే బజార్లో దొరకవేటిరా?” అంది ఆవిడ. “కుక్కని తీసీ, జనరేటర్ని తీసీ. మీ నాయిన జోలికెల్లకు.”

ఆ రెండోవాడు మూర్ఖుడేం కాదు. అతను అన్నమాట కొట్టిపారెయ్యడానికి లేదు. “ఆ కిట్టమూర్తి ఏషగాడు కూడా ఒకళ్ళ నాయినే గదమ్మా! ఆయన పిల్లలకి ఆయన పద్యం బాగా వినాలని ఉండదేటి? ఆయన రాత్రంతా గొంతు చించుకుని పాడితే, మనం ఉంచేది కుక్క అరుపులూ చదివింపులూనా?”

చూశారా చిక్కు! ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నారు. ఒకరిది కళాకారుడి పక్షం, ఒకరిది విన్నవాడి పక్షం. కష్టపడ్డవాడి గొంతుకు మర్యాద జరగాలనడం ధర్మమే. అక్కడ ఉన్న మనిషిని లేకుండా చెయ్యకూడదనడమూ ధర్మమే. ఒకటి నిలబెడితే రెండోది పడిపోయేట్టుంది.

చివరికి రెండోవాడు ఎవరికో ఇచ్చి శుభ్రం చేయించాడు. కుక్కకీ తండ్రికీ తేడా యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇద్దర్నీ తీసేసింది. ఊరికి తెచ్చి వినిపించాడు. పద్యం నిజంగానే బాగుంది. అయితే ఒక వింత జరిగింది. కృష్ణుడు పద్యం పూర్తి చేశాడు. నిశ్శబ్దం. మళ్ళీ అదే పద్యం, ముందుకంటే హుషారుగా, మొదటినుంచీ ఎత్తుకున్నాడు. పక్కన కూర్చున్న మనవడు అడిగాడు, “ఆ తాత మర్చిపోనాడేటి? పాడిందే పాడతన్నాడు!”

నా మటుకు ఆ కుర్రాడి మాటతో సందేహం సగం తీరింది. వన్స్‌మోర్ తీసేస్తే నటుడికి మర్యాద జరుగుతుందనుకున్నారు. జరిగిందేమిటి? నిండు సభ బతిమాలితే మళ్ళీ పాడిన మహానటుడు, మతిమరుపు ముసలాడై పోయాడు. అపోలో రికార్డులోంచి ఆ ఆడవాళ్ళ కేకలు తీసేస్తే బ్రౌన్ ఏమవుతాడు? ఖాళీ హాల్లో ఒకే మాట పదిసార్లు అంటూ, ఎవరికోసమో ఆగుతూ ఉండే పిచ్చివాడవుతాడు. విన్నవాడికి అన్యాయం చేసి పాడినవాడికి న్యాయం చెయ్యడం సాధ్యం కాదన్నమాట. ఇద్దరి వాటాలూ విడదీసి పంచడానికి వీల్లేకుండా కలిసిపోయి ఉన్నాయి.

మన ఆలంకారికులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వెయ్యేళ్ళనాడు కాశ్మీరంలో అభినవగుప్తుడు రసానుభవానికి చోటు సహృదయుడిలో చూపించాడు. సహృదయుడంటే కవితో సమానమైన హృదయం ఉన్నవాడు. మనం ఆ మాటను సభల్లో ‘సహృదయులైన ప్రేక్షక మహాశయులారా’ అని మొహమాటానికి వాడి అరగదీశాం గాని, అందులో ఉన్నది మొహమాటం కాదు, బాధ్యత. వినడం కూడా ఒక పని. చేతకానివాడు చేస్తే చెడిపోయే పని.

మరి ఎవరు అరిచినా దాచుకోవలసిందేనా అని మీరు అడగవచ్చు. దీనికి సమాధానం బ్రౌన్ కథలోనే ఇంకోచోట దొరికింది. 1970లో అతనిదే ఒక జోడు రికార్డు వచ్చింది. పేరు కుటుంబ పత్రికలో రాయడానికి కాస్త బిడియంగా ఉంది, వదిలేద్దాం. జనం ముందు పాడిన కచేరీ అన్నట్టుగానే అమ్మారు. అందులో కొన్ని పాటలు నిజంగా అలా పాడినవే. కొన్ని మాత్రం తలుపులు వేసిన గదిలో పాడి, తరవాత చప్పట్లు అతికించినవి. జనం గొంతు కోసం సొంత డబ్బు పోసినవాడి రికార్డులోనే, ఎనిమిదేళ్ళు తిరిగేసరికి జనం గొంతు ఒక మసాలా దినుసైపోయింది. దీంట్లో అతన్ని ఒక్కణ్ణీ అనడానికి లేదు. మన టీవీ హాస్యాల్లో నవ్వులు అతికించడం లేదా? లారీల్లో తెచ్చిన జనం చేత సభల్లో చప్పట్లు కొట్టించడం లేదా?

పెట్టి చూస్తే, అతికించిన చప్పట్లూ తీసేసిన వన్స్‌మోరూ తోబుట్టువులే. మొదటిది లేనివాణ్ణి ఉన్నాడంటుంది. రెండోది ఉన్నవాణ్ణి లేడంటుంది. కోర్టులో సాక్షి ఈ రెండిట్లో ఏది చేసినా దొంగసాక్ష్యమే. జనం మధ్య తీసిన రికార్డు కూడా సాక్ష్యమే. ఫలానా రాత్రి, ఫలానా చోట ఒకడు పాడాడు, ఇంతమంది విన్నారు, విని ఊరుకోలేకపోయారు అని చెప్పే సాక్ష్యం. దానికి దుమ్ము దులపవచ్చు. జనరేటరు మోత తగ్గించవచ్చు, జనరేటరు ఏమీ అనుకోదు. కానీ పాటకు జవాబు చెప్పినవాడి నోరు నొక్కకూడదు. కుక్క విషయం తేల్చడం నాకు కష్టమే. అది పద్యానికి జవాబు చెప్పిందో, పక్కవీధి కుక్కకు చెప్పిందో ఎవరికి తెలుసు?

ఈ తీరంనుంచి పొట్టకూటికి వెళ్ళిన జాలర్లు ఎక్కడెక్కడో ఉన్నారు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీద మన శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. ఊళ్ళో సంబరం జరిగితే ఇక్కడివాళ్ళు సెల్‌ఫోన్లో పట్టి పంపిస్తారు. అంతదూరంలో దాన్ని వినేవాడు పాటకోసమే వింటాడా? ఆ మధ్యలో నవ్వింది మా చెల్లి కాదూ, ‘ఒరే తప్పుకోండి’ అన్నది మా మావ కాదూ అని వెతుక్కుంటాడు. పాట ఎక్కడైనా దొరుకుతుంది. తనవాళ్ళు దాన్ని వింటున్న చప్పుడు ఆ ఒక్కచోటే దొరుకుతుంది.

అయితే ఇక్కడ కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఈమధ్య కచేరీలకు వెళ్ళి చూశారా? పల్లవి ఎత్తుకోగానే వెయ్యి చేతులు పైకి లేస్తాయి. చప్పట్లకు కాదు, సెల్‌ఫోన్లు పట్టుకోవడానికి. చేతిలో ఫోను ఉన్నవాడు చప్పట్లు ఎలా కొడతాడు? ‘వన్స్‌మోర్’ అని అరవడు, అరిస్తే తన రికార్డింగు పాడవుతుంది. పక్కవాడు తల ఊపినా విసుక్కుంటాడు. ప్రతివాడూ ఇంటికి వెళ్ళి తరవాత విందామని దాచుకుంటున్నాడు. అందరూ దాచేవాళ్ళే అయ్యాక అక్కడ వింటున్నదెవరు? రేపు ఆ రికార్డు పెట్టుకుంటే అందులో పాటగాడు ఒక్కడే ఉంటాడు. శుభ్రం చేయించే ఖర్చు కూడా ఉండదు. మనల్ని మనమే ముందుగా తీసేసుకున్నాం.

హైదరాబాదు అబ్బాయి మళ్ళీ మొదటినుంచీ చేయించాడని విన్నాను. జనరేటరు తగ్గింది, తండ్రి వచ్చాడు. తండ్రితో పాటు కుక్కా వచ్చింది. ఆ ఇల్లాలు దానికీ అభ్యంతరం చెప్పలేదట, “అది మన కుక్కేరా” అందట.

అంచేత, ఈసారి మీ ఊళ్ళో హరికథో బుర్రకథో ఉందంటే, ఎవరో ఒకరు ఎలాగూ రికార్డు చేస్తారు. ఆ పని వాళ్ళకు వదిలెయ్యండి. మీరు చేతులు రెండూ ఖాళీగా ఉంచుకుని వెళ్ళండి. పద్యం బాగుంటే మొహమాటపడకుండా అరవండి. మీ గొంతు ఏ బియ్యం డబ్బాలో ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరు చెప్పగలరు?